ద్రాక్షతోటలు లేవు గానీ గట్లున్నాయి

ఈమధ్య ఓ రాత్రి నిద్ర పట్టక ఫోన్లో ఓ వీడియో చూశాను. ఇటలీలో టస్కనీ, రెండు పక్కలా ద్రాక్షతోటలు, ఆ పైన అడవి, మధ్యలో తెల్ల కంకర దారి. కారు లేదు, లారీ లేదు, పాతకాలం ఉన్ని బనీను వేసుకున్న ఒక ముసలాయన ఇనప సైకిలు తొక్కుకుంటూ పోతున్నాడు. పక్కనే మా బావ ఉంటే "మనకీ ద్రాక్షారామం ఉందిగా, ఎల్దాం పద" అనేవాడు. ఆ ఊరి పేరులో ద్రాక్ష ఉంది గానీ ఊళ్లో ద్రాక్షతీగ నేనైతే చూడలేదు. దక్షుడు యజ్ఞం చేసిన చోటు కాబట్టి దక్షారామం, అదే నోళ్లలో పడి ద్రాక్షారామం అయిందంటారు. మన గోదారి డెల్టాలో ఉన్నవి కొబ్బరితోటలు, అరటితోటలు, వాటి మధ్య కాలువ గట్లు.

నా దగ్గర ఉన్నది గ్రావెల్ సైకిలు. తెలియనివాళ్లకి చెప్పాలంటే, రేసు సైకిలులా కిందికి వంగిన హ్యాండిల్, కానీ టైర్లు లావు, నావి 40 మిల్లీమీటర్లు. గాలి తక్కువ పెడతాం, నేను 35 పౌండ్లు పెడతాను. గుంతలో పడ్డా నడుం విరగదు, అదే దాని గొప్ప. కొన్న కొత్తలో నేను గమనించని సంగతి ఏంటంటే డెల్టాలో అసలు గ్రావెలే లేదు. ఇక్కడ నేలంతా గోదారి తెచ్చి పోసిన ఒండ్రు, పార పెట్టి ఎంత లోతు తవ్వినా రాయి తగలదు. ఎర్ర గ్రావెల్ కావాలంటే మెట్ట నుంచి టిప్పర్లలో రావాల్సిందే. కాబట్టి నేను తొక్కేది గట్టు మట్టి, ఏటిగట్టు మట్టి, పొలాల మధ్య పుంతలు. పుంత అంటే ఎడ్లబళ్లు తిరిగిన పాత దారి. ఎండాకాలం పిండిలా దుమ్ము, వానాకాలం బంకమట్టి. వాన పడ్డ మర్నాడు పుంతలోకి దిగితే పది గజాల్లో చక్రం తిరగడం మానేస్తుంది, తర్వాత సైకిలు మిమ్మల్ని కాదు, మీరు సైకిల్ని మోసుకుంటూ రావాలి. నేను మోశాను, రెండుసార్లు.

నాకు బాగా ఇష్టమైన దారి బొబ్బర్లంక నుంచి లొల్ల లాకుల దాకా, అది కూడా అవతలి గట్టున. కాలువకి ఒక పక్క తారు రోడ్డు, దాని మీద ఇసుక లారీలు, పెళ్లి బస్సులు, వాడపల్లి వెంకన్న కోసం శనివారం వచ్చే కార్లు. అవతలి గట్టున ఏమీ ఉండవు. ఏమీ ఉండవంటే ట్రాఫిక్ ఉండదని. గేదెలుంటాయి, కోళ్లుంటాయి, గట్టు మీదే ఆరేసిన కొబ్బరి డొక్కలుంటాయి, ఒకచోటైతే ఒకావిడ గట్టునే కళ్లాపి చల్లి ముగ్గేసింది, దాని మీంచి ఎలా తొక్కుతాను, దిగి పక్కనుంచి నడిపించాను. "పర్లేదు బాబూ, వచ్చెయ్యండి" అంది గానీ మనసొప్పలేదు. డిసెంబరులో తెల్లారి అయిదున్నరకి బయల్దేరితే మంచులో అవతలి రోడ్డు మీద లారీ లైట్లు మాత్రం కనిపిస్తాయి, చప్పుడు నీళ్ల మీద ఆలస్యంగా వస్తుంది.

గట్టు మీద నుంచి చూస్తేనే ఈ నేల ఎలా ఉందో అర్థమవుతుంది. ఒక పక్క కాలువ నీళ్లు దాదాపు మన కాళ్లకి అందేటట్టు, రెండో పక్క చేలు అంతకంటే బాగా కింద. నీళ్లు వాటంతట అవే పొలానికి దిగాలి కాబట్టి కాలువ మెరక మీద పోతుంది, మురుగు కాలువ పల్లంలో పోతుంది. ఇరవై ఏళ్లు ఇక్కడే పెరిగి నేనిది సైకిలు ఎక్కాకే చూశాను, బస్సు కిటికీలోంచి ఎప్పుడూ తట్టలేదు. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది. కాటన్ దొర కాలువలు సాగుకే కాదు, పడవలకి కూడా తవ్వించాడు. లాకులు అందుకే, పడవని ఒక నీటిమట్టం నుంచి ఇంకో నీటిమట్టానికి దించడానికి. గాలి లేనప్పుడు పడవకి తాడు కట్టి మనుషులు గట్టు మీద నడుస్తూ లాగేవాళ్లు. నేను తొక్కే ఈ దారి అలా నడిచిన కాళ్లది. అందుకే ఎక్కడా ఎక్కుడు లేదు, దిగుడు లేదు. గేర్లు ఇరవై దాకా ఉన్నాయి, వాడేది మూడు. మీరు మటుకు ఎదురుగాలిని తక్కువ అంచనా వేయకండి, మధ్యాహ్నం సముద్రం వైపు తిరిగితే అది కొండెక్కడం కంటే ఘోరం.

జనవరిలో లొల్ల దగ్గర్లో పంక్చరు అయింది. సర్కారు తుమ్మ ముల్లు, అంగుళంన్నర ఉంది. గట్టు దిగి ఊళ్లోకి నడిపించుకెళ్తే సెంటర్లో తాటాకు పాక కింద సైకిలు షాపు. పెద్దాయన టైరు పిసికి చూసి, వాల్వు చూసి, "ఇదేంటండీ, ఇంత సన్నగా ఉంది, జెరం వొచ్చినట్టు" అన్నాడు. నా దగ్గర కొత్త ట్యూబు ఉంది గానీ చేతి పంపు ఇంట్లో మర్చిపోయాను. సరే చూద్దాం అని ఆయన తన పెద్ద పంపు క్లిప్పు అటు తిప్పి ఇటు తిప్పి పట్టించాడు, పట్టేసింది! కొంచెం గాలి లీకవుతూనే ఉంది గానీ యాభై పోట్లలో టైరు గట్టిపడింది. డబ్బులు ఎంతండీ అంటే పది అన్నాడు. ఇరవై ఇస్తే మిగతా పదికి నిమ్మసోడా తెప్పించి నాకే ఇచ్చాడు. "ఈ సైకిలేసుకుని ఎందాకండీ?" అని అడిగాడు. ఊరికే, లాకుల దాకా అన్నాను. "ఊరికేనా?" అని ఇంకేమీ అనలేదు.

అడవి సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఆ వీడియోలో అడవి చూసి నాకు కోరింగ గుర్తొచ్చి మర్నాటి ఆదివారమే వెళ్లాను. ముక్తేశ్వరం దగ్గర సైకిలుతో పంటు, అంటే రేవు దాటించే పెద్ద పడవ ఎక్కి గౌతమి దాటి కోటిపల్లిలో దిగి, అక్కడి నుంచి వీలైనంత వరకు ఏటిగట్టు పట్టుకుని యానాం వైపు. పంటు మీద ఒక గంప చేపలకీ నాకూ మధ్య సైకిలు నిలబెట్టాను. ఏటిగట్టు కొంత దూరం తారు, కొంత మట్టి, గట్టుకీ నదికీ మధ్య లంకల్లో కూరగాయలు. యానాం దాటాక మాత్రం హైవేనే, అది పళ్లు బిగబట్టి తొక్కాలి. కోరింగ అభయారణ్యం 235 చదరపు కిలోమీటర్లు, మడ అడవి. అందులో సైకిలు తొక్కుదామనుకునేవాడు నాలాంటి అమాయకుడే. అది బురద. బురదలోంచి ఊపిరి పీల్చుకునే వేర్లు మేకుల్లా పైకి పొడుచుకొచ్చి ఉంటాయి, పోటు వచ్చినప్పుడు అవీ మునుగుతాయి. సైకిలు బయట పెట్టి చెక్క వంతెన మీద నడిచాను. నీటిపిల్లి ఉంటుందంటారు, నాకు కనబడింది పీతలు, బురదచేపలు, సెల్ఫీలు.

సరే, అసలు విషయం. ఆ టస్కనీ వీడియో కింద రాసింది చదివాను. అక్కడి తెల్ల కంకర దార్లు ఒక్కొక్కటే తారు రోడ్లయిపోతుంటే, అవి పోకూడదని 1997లో గయోలే అనే ఊళ్లో పాత సైకిళ్లతో ఎరోయికా అని ఒక యాత్ర మొదలుపెట్టారు. ఇప్పుడది ప్రపంచమంతా తెలుసు. నాకు బాగా ఉత్సాహం వచ్చి మర్నాడు బావకి ఫోన్ చేసి, మన పుంతలు కూడా అలా కాపాడుకోవాలి బావా, సిమెంటు వేయనివ్వకూడదు, అన్నాను. బావకి ర్యాలి పక్కన నాలుగెకరాలు. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"నువ్వు ఆదివారం వొచ్చి తొక్కుతావ్. మొన్న సార్వా మాసూళ్లప్పుడు వాన పడితే పుంతలోకి ట్రాక్టర్ దిగలేదు. బస్తాలు నెత్తిన పెట్టి రోడ్డు దాకా మోయించాం, మోతకూలే ఎంతయిందో నీకు చెప్పనా?"

చెప్పొద్దన్నాను. చెప్పాడు.

దానికి నా దగ్గర జవాబు లేదు. అలాగని తారు రోడ్డు పడ్డ చోటల్లా కార్లు రావడం, కార్లు వచ్చిన చోటల్లా ముగ్గేసే ఆవిడ ఇంట్లోకి జరగడం కూడా నాకు నచ్చదు. కోనసీమలో జగ్గన్నతోట తీర్థానికి కనుమ రోజు ప్రభలు, అంటే దేవుణ్ణి పెట్టి అలంకరించిన ఎత్తైన వెదురు కట్టడాలు, చేలల్లోంచే వస్తాయి, గంగలకుర్రు ప్రభలైతే కౌశిక కాలువలో దిగి నీళ్లలోంచి వస్తాయి, అంత బరువు భుజాన మోసుకుని. చేలోంచి పోవడం వీళ్లకి వేడుక కూడా, కానీ అది ఏడాదికి ఒక రోజు. మిగతా రోజులు ధాన్యం లారీ ఇంటి ముందుకి రావాలి. తప్పేముంది.

నిన్న బావే ఫోన్ చేశాడు. "బావా, మన పుంతకి శాంక్షనయ్యింది. ముందు గ్రావెల్ తోలుతున్నారు, సిమెంటు వేసేది కాలువలకి నీళ్లు ఆపేశాకట. నీకు గ్రావెల్ కావాలన్నావుగా, రెండు నెల్లు ఉంటది, ఒచ్చెయ్."

వచ్చే ఆదివారం వెళ్తున్నాను. రోలర్ తొక్కలేదట, గ్రావెల్ ఇంకా గుల్లగా ఉందట. టైర్లలో ఇంకో అయిదు పౌండ్లు తగ్గించాలి. చేతి పంపు మాత్రం ఇప్పుడే బ్యాగులో పడేశాను.