కత్తిరించినా చావని కార్డు

నిద్ర పట్టడం లేదు. క్రెడిట్ స్కోరు (అప్పులు ఎలా తీరుస్తామో చూసి వేసే మార్కులు) తగ్గినందుకు కాదు, మా తమ్ముడు చిన్నోడు నవ్వినందుకు.

పొద్దున లోను కోసం క్రెడిట్ రిపోర్టు తెరిచాను. (అద్దెకివ్వడానికి చిన్న ఫ్లాటు. అవును, ఆ పిచ్చి ఇంకా వదల్లేదు.) కార్డు పరిమితిలో 90 శాతం వాడేసినట్టు చూపిస్తోంది. గడువుకు రెండు రోజుల ముందే మొత్తం కట్టాను కదా! వాడు తీరిగ్గా చెప్పాడు: "అక్కా, స్కోరు లెక్కేసేవాళ్లకు వెళ్లేది మామూలుగా బిల్లు తయారైన రోజు లెక్క. నువ్వు కట్టింది ఆ తర్వాత. బిల్లు పడకముందే కొంత కట్టేసి 30 శాతం లోపు ఉంచుకోవాలి." వీడికి ఎక్కాలు నేర్పింది నేను. వాడిదేమో డిపాజిట్ మీద ఇచ్చిన బుల్లి కార్డు. నెలకోసారి ఫోన్ రీచార్జి చేస్తాడు, కట్టేస్తాడు, అంతే. స్కోరు మాత్రం నాకన్నా పైన. పైగా ఆ గొంతు!

అసలు కథ మొదలైంది "అప్పు లేని గంజి దొప్పెడే చాలు" అనే మా నాన్నతో. 22 ఏళ్లప్పుడు వచ్చిన మొదటి కార్డుని ఆయన ముందే కూర్చుని కత్తిరించాను. మొండి కత్తెర. ప్లాస్టిక్ తెల్లగా వంగుతుందే గానీ తెగదు. చిప్ దగ్గర జారి బొటనవేలు చీరుకుంది. రెండు ముక్కలూ అరచేతిలో పెడితే నాన్న మొహం వెలిగిపోయింది. ముక్కలు చెత్తబుట్టలోకి వెళ్లినా ఖాతా బతికే ఉందని ఇద్దరికీ తోచలేదు. వార్షిక రుసుము పడింది, దాని మీద ఆలస్య రుసుము, ఆపైన వడ్డీ. నోటీసులన్నీ పాత చిరునామాకు. ఫైకో (స్కోరు లెక్కకట్టే ఒక పద్ధతి) లెక్కలో టైముకి కట్టడానికి 35 శాతం, ఉన్న బాకీలకు 30 శాతం బరువట. ఒక్క వస్తువు కొనకుండానే మొదటిదాంట్లో తప్పాను, అన్నీ కట్టేసి కూడా రెండోదాంట్లో.

"అప్పులోళ్లకే మార్కులు, ఇదేం న్యాయం" అని ఇందాక ఇక్కడ రాసి చెరిపేశాను. ముక్కూ మొహం తెలియని మనిషి డబ్బడిగితే, ఇదివరకు ఎవరికైనా తిరిగిచ్చాడా అనే కదా నేనూ ఆరా తీస్తాను.

నాన్నదీ తప్పనలేను. ఫ్లాటు ఖాళీగా ఉన్నా వాయిదా ఆగదు. మనం ఉండే ఇంటికన్నా అద్దెకిచ్చే ఇంటికి చేతి నుంచి ఎక్కువ పెట్టమని లోనువాళ్లు సాధారణంగా అడిగేదీ ఆ భయంతోనే. ఆరు నెలల వాయిదాలు పక్కన పెట్టుకునే దిగాలనుకున్నాను. ఉన్నది రెండు నెలలకే. స్కోరు బాగుండి ఉంటే ఈపాటికి సంతకం పెట్టేసేదాన్ని.

చెప్పడం మర్చిపోయాను, ఆ పాత బాకీ తీరిపోయినట్టు ఉత్తరం కూడా ఇవాళే వచ్చింది.

బిల్లు తేదీకి మూడు రోజుల ముందు మోగేలా ఫోన్లో అలారం పెట్టాను. చిన్నోడికి చెప్పను.