మామయ్య ట్రంపెట్, మూడో స్లయిడు

మా మేనమామ ముప్పై ఏళ్లు పెళ్లిళ్ల బ్యాండులో ట్రంపెట్ వాయించాడు. ముందు పళ్లు రెండు ఊడిపోయాక ఆపేశాడు. మౌత్‌పీస్ ఆనేది పెదవుల మీదే అయినా, ఆ పెదవులకు వెనక గోడలా నిలబడేవి పళ్లే. కిందటేడు దసరా సెలవుల్లో కొత్తపేటలో వాళ్లింటికి వెళ్తే, అటక మీంచి పెట్టె దించి నా ఒళ్లో పెట్టాడు. "చర్చిలో కీబోర్డు, డ్రమ్ములు తప్ప ఏమున్నాయిరా? ఈ క్రిస్మస్‌కి నువ్వు బూర పట్టు" అన్నాడు.

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో లెక్కలు రాస్తాను. సరుకు ముమ్మరంగా దిగేది సంక్రాంతి దాటాకే కాబట్టి అక్టోబరు, నవంబరు సాయంత్రాలు నాకు ఖాళీ. రోజూ ఏడింటికి మేడ మీదికెక్కేవాణ్ణి. మొదటి వారం గాలి తప్ప ఏమీ రాలేదు. గట్టిగా ఊదితే మోగుతుందనుకున్నాను. కానీ అదరాల్సింది పెదవులు. ఆ అదురుని పట్టుకుని స్వరంగా మార్చేది గొట్టం. అందుకే మామయ్య ముందు నాచేత ఉత్త పెదవులతోనే తుమ్మెదలా జుమ్మనిపించాడు. ఆ తర్వాత కూడా పైస్వరం రాకపోతే ట్రంపెట్‌ని మూతికేసి అదిమేసేవాణ్ణి. పది నిమిషాల్లో పెదవి మొద్దుబారి, మౌత్‌పీస్ అంచు గుండ్రంగా అచ్చుపడేది. "చేత్తో నొక్కితే వచ్చే స్వరం నిలవదురా. గాలి పంపు. ఎంతసేపు వాయించావో అంతసేపు దించి కూర్చో" అనేవాడు. ఆ రెండో మాట నేను ఆలస్యంగా చెవిన పెట్టాను. ఐదు నిమిషాలు వాయించి ఐదు నిమిషాలు ఆగడం అలవాటయ్యాకే గంటసేపు నిలబడగలిగాను.

నవంబరు మధ్యలో క్వయర్‌తో కలిసి కూర్చున్నాను. కీబోర్డు వాయించే తమ్ముడు "సి మేజర్ అన్నా" అన్నాడు. నేనూ నా సి వాయించాను, రెండూ కొట్టుకున్నాయి. ఎక్కువమంది వాయించే ట్రంపెట్ బి ఫ్లాట్‌ది. మనం సి అనుకుని వాయిస్తే బయటికి వినిపించేది బి ఫ్లాట్. కీబోర్డు సి కి కలవాలంటే నేను డి వాయించాలి. ఇది ఒక్క సాయంత్రంలో తేలిపోయింది.

తేలనిది ఆ డి. పాటకి అదే సా. ఎన్నిసార్లు తిరిగొచ్చినా దాని మీదే దిగాలి. నేను దిగిన ప్రతిసారీ ఆ తమ్ముడు తల తిప్పి చూసేవాడు. "అన్నా, శృతి పైకి పోతోంది." మొత్తం శృతిని సర్దే మెయిన్ స్లయిడు, అంటే ముందుకీ వెనక్కీ జరిగే వంపు గొట్టం, బయటికి లాగితే డి సర్దుకునేది, మిగతావన్నీ కిందికి పోయేవి. నా చెవే మంచిది కాదనుకున్నాను. రెండు రాత్రులు సరిగా నిద్ర పట్టలేదు.

డిసెంబరు మొదటి వారం క్యారల్స్‌కి బయల్దేరాం. తెల్లవారుజామున నాలుగింటికి బ్రాడీపేటలో ఒక ఇంటి ముందు, రెండో పాటలో, వేళ్లతో నొక్కే మూడు వాల్వుల్లో మధ్యది నొక్కితే కిందికి వెళ్లింది గానీ పైకి రాలేదు. వేలితో ఎత్తి, మళ్లీ నొక్కి, మళ్లీ ఎత్తి... చివరికి దించేసి పాట మాత్రం పాడాను. పొద్దున మామయ్యకి చెప్తే ఆశ్చర్యపోలేదు. "చలికాలం అంతేరా. మేం వాయించే ముందు కాసేపు చంకలో పెట్టుకునేవాళ్లం" అన్నాడు. వాల్వులకి ఆయన మొదట్నుంచీ వేసింది కొబ్బరినూనె. సుమారు 24 డిగ్రీలకి దిగితే అది గడ్డకట్టడం మొదలుపెడుతుంది. మన డిసెంబరు తెల్లవారుజాము అంతకంటే చల్లన. వాల్వులో పైకీ కిందికీ కదిలే పిస్టన్‌కి, దాని చుట్టూ ఉన్న గొట్టానికి మధ్య సందు వెంట్రుకంత కూడా ఉండదు. అందులో నూనె పేరుకుంటే స్ప్రింగు మాత్రం ఎత్తగలదా?

అప్పుడే కొత్తది కొనేద్దామనిపించింది. ఆదివారం ఆరాధన అయ్యాక బస్సెక్కి విజయవాడ బీసెంట్ రోడ్డులో ఒక వాయిద్యాల కొట్టుకి వెళ్లాను. తళతళలాడే ట్రంపెట్ చేతిలో పెట్టారు, ధర కూడా నాకు అందేదే. పరీక్ష ఎలా చెయ్యాలో మామయ్య చెప్పి పంపాడు: ఒక వాల్వుని నొక్కకుండా దానికున్న సొంత స్లయిడుని కొద్దిగా బయటికి లాగి, రెండు సెకన్లు ఆగి, అప్పుడు వాల్వు నొక్కాలి. లోపల బిగువుగా ఉంటే టప్ మంటుంది. కొత్తదానికి చప్పుడే లేదు. పైగా వాల్వు దిగేటప్పుడు ఇసుక నలిగినట్టు వేలికి తెలిసింది. మామయ్యది నేను వెంట తీసుకెళ్లాను. అంత పాతది, మొదటి స్లయిడు లాగి నొక్కితే కొట్టంతా వినపడేలా టప్ మంది. కొత్తది వద్దని వాల్వు ఆయిల్, స్లయిడు గ్రీజు, లోపల తోమే పొడుగు బ్రష్షు, ఒక 7సి మౌత్‌పీస్ తెచ్చుకున్నాను. ఆ నంబరింగ్‌లో అంకె తగ్గేకొద్దీ కప్పు వెడల్పవుతుంది, అక్షరం లోతుని చెబుతుంది. మామయ్య మౌత్‌పీస్ మరీ లోతు తక్కువ కప్పుది, అంచు మీద వెండి పూత అరిగి ఇత్తడి బయటపడింది. అది పెదవికి తగిలితే నాకు మంట.

ఇంటికొచ్చాక చూస్తే పాత మౌత్‌పీస్ ఊడిరాదు, పట్టేసింది. ఇక్కడ నేను చేసిన తప్పు ఎవరూ చెయ్యొద్దు. గుడ్డ చుట్టి కటింగ్ ప్లేయర్‌తో తిప్పాను. మౌత్‌పీస్ కదల్లేదు గానీ, ముందు గొట్టాన్ని పట్టి ఉంచే చిన్న కమ్మీ అతుకు విడిపోయింది. కాళ్లు వణికాయి. వీధి చివర ఇత్తడి బిందెలకి మాటు వేసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్తే, తడిగుడ్డ చుట్టి, ఆ ఒక్కచోటే వేడి తగిలేలా మాటు వేశాడు. వేడి పక్కకి పాకితే మిగతా అతుకులు కూడా ఊడతాయట. డబ్బులు ఇవ్వబోతే, క్రిస్మస్ రోజు తన ఇంటి ముందు ఒక పాట వాయించమన్నాడు.

మౌత్‌పీస్ తీసింది మాత్రం విజయవాడ వన్‌టౌన్‌లో మామయ్య పాత బ్యాండు మాస్టారు. ఆయన దగ్గర దానికని ఒక పుల్లర్ ఉంది. రెండు పక్కలా స్క్రూలు. ఇటు అర తిప్పు, అటు అర తిప్పు. నాలుగో తిప్పుకి టక్కున ఊడింది. తర్వాత ఆయన మూడో స్లయిడు పట్టుకుని లాగాడు. అది రాలేదు. "డి పైకి పోతోందా నీకు?" అన్నాడు. నేను ఆయనకి ఆ సంగతి చెప్పనే లేదు.

అప్పుడు వివరించాడు. ఒక్కో వాల్వు ఉత్త గొట్టానికి సరిపడా అదనపు పొడవు కలుపుతుంది. ఒకటి, మూడు కలిపి నొక్కితే, అప్పటికే గొట్టం పొడవైంది కాబట్టి ఆ కలిపిన పొడవు చాలదు. స్వరం పైకి పోతుంది. ఆ కింది డి ఒకటి, మూడు నొక్కితేనే వస్తుంది. మూడో స్లయిడుకి రింగు పెట్టింది అందుకే, డి వచ్చినప్పుడల్లా వేలితో బయటికి తొయ్యాలి. నాది బిగుసుకుపోయింది. తుప్పు వదిలించే నూనె చుక్కలు వేసి మూడు రోజులు ఉంచుకున్నాడు. తర్వాత వంపులో గుడ్డ పీలిక దూర్చి ఒక్క గుంజు గుంజాడు. లోపలంతా ఆకుపచ్చ చిలుము.

ఆ రాత్రే స్నానం చేయించాను. మా అత్తయ్య చింతపండు తెచ్చింది, బిందెలా తోముదామని. వద్దన్నాను. అరగదీస్తే వాల్వుల బిగువే పోతుంది. వాల్వులు బయటికి తీసి, ప్లాస్టిక్ టబ్బులో గోరువెచ్చని నీళ్లు, కొద్దిగా గిన్నెల సబ్బు. బ్రష్షు ముందు గొట్టంలో ఒకసారి పోనిచ్చి లాగితే, నల్లటి జిగురు ముద్దగా వచ్చింది, పాత కొబ్బరినూనె వాసనతో. నీళ్లు మూడుసార్లు మార్చాను. పిస్టన్ల ఫెల్టులు తడవనివ్వలేదు. పిస్టన్ల మీద 1, 2, 3 అంకెలుంటాయి, చూసుకోకుండా మార్చి పెట్టాను. ఊదితే గాలి గోడకి కొట్టుకున్నట్టు ఆగిపోయింది. అంకెల ప్రకారం పెట్టి, టిక్కుమనేదాకా తిప్పి, మూత బిగించాక దారి తెరుచుకుంది.

ఇరవై నాలుగు రాత్రి ఆరాధనలో డి వచ్చిన ప్రతిసారీ రింగు తోశాను. తమ్ముడు తల తిప్పలేదు.

క్రిస్మస్ రోజు మాటు పెద్దాయనకి పాట వాయించి, అటునుంచటే కొత్తపేట వెళ్లాను. మామయ్య పెట్టె తెరిచి, మూడో స్లయిడుని ముందుకీ వెనక్కీ ఆడిస్తూ కూర్చున్నాడు. "ఇది కదలడం మానేసి పదేళ్లు దాటిందిరా. డి ని పెదవితోనే దించుకునేవాణ్ణి. అలవాటైపోయింది, నీకు చెప్పాలని కూడా గుర్తు రాలేదు" అన్నాడు. ఒకసారి డి వాయించమన్నాడు. వాయించాను. రింగు మాత్రం ఆయనే, పక్కన కూర్చుని, తన వేలితో తోశాడు.