డబ్లిన్‌లో ఒక తాళంచెవి, హెల్సింకిలో పేర్ల పలక

మా అక్క కొడుకు డబ్లిన్‌లో ఉద్యోగంలో చేరి మూడేళ్లవుతోంది. "పిన్నీ, ఒక్కసారి వచ్చి వెళ్లు" అని పండక్కి ఫోన్ చేసినప్పుడల్లా అడిగేవాడు. 2024 నవంబర్‌లో కుదిరింది. వాణ్ని చూడాలన్నది ఒక కారణం. నా పని ఇంకో కారణం. పదకొండేళ్లుగా నేను ఇల్లు లేనివాళ్ల రాత్రి షెల్టర్‌లో పనిచేస్తున్నాను. సాయంత్రం ఏడింటికి తలుపు తీయడం, రిజిస్టర్ రాయడం, దుప్పట్లు లెక్కపెట్టి ఇవ్వడం, తెల్లారగానే అందర్నీ లేపి బయటికి పంపడం. ఆ చివరి పని మాత్రం ఇన్నేళ్లయినా నాకు మింగుడు పడలేదు. షెల్టర్లు మూసేసి వాటి బదులు ఇళ్లే ఇచ్చేస్తున్న దేశాలున్నాయని ఒక శిక్షణలో విన్నప్పటి నుంచి, అదెలా సాధ్యమో కళ్లారా చూడాలని ఉండేది. అందుకే డబ్లిన్‌తో పాటు హెల్సింకి కూడా కలుపుకున్నాను. రెండు వీసాల తిప్పలు పడ్డాను, అది వేరే సంగతి.

విమానాశ్రయం నుంచి బస్సులో వస్తుంటే కరెంటు స్తంభాలన్నిటికీ ఎన్నికల పోస్టర్లే. 29న పోలింగ్. "ఏ పార్టీ వాళ్లొచ్చినా మాట్లాడేది ఇళ్ల గురించే పిన్నీ" అన్నాడు మా వాడు. వాడుండేది ఉత్తరం వైపు ఒక పాత ఇంట్లో, నలుగురితో కలిసి. భోజనాలయ్యాక అసలు విషయం చెప్పాడు. ఇంటి యజమాని ఇల్లు అమ్ముతున్నాడు. ఆగస్టులో ఆరు నెలల గడువుతో నోటీసు ఇచ్చాడు. ఫిబ్రవరికి ఖాళీ చేయాలి.

"మీ అమ్మకు చెప్పావా?"

"ఎందుకు పిన్నీ, టెన్షన్ పడుతుంది."

మంచి జీతమున్న కుర్రాడు. డబ్లిన్‌లో కొత్తగా అద్దెకు దిగేవాళ్లు కడుతున్న సగటు అద్దె నెలకు 2,000 యూరోలు దాటేసింది. ఇక్కడ వీధిన పడటమంటే తాగుడో, మతి చెదరడమో కారణమై ఉండాలని నేను అనుకుంటూ వచ్చాను. మొదటి రాత్రే ఆ అభిప్రాయం కదిలిపోయింది. ఇక్కడ కుటుంబాలు ఎక్కువగా వీధిన పడేది మా వాడికి వచ్చినటువంటి కాగితంతోనే: ఓనర్ అమ్ముతున్నాడు, వేరే ఇల్లు దొరకదు, దొరికినా అద్దె అందదు. చలికాలంలో ఎవరినీ ఖాళీ చేయించకూడదని ప్రభుత్వం 2022లో నిషేధం పెట్టి, 2023 మార్చి 31తో ఎత్తేసింది. ఆ తర్వాత, ఓనర్ అమ్ముతున్న ఇంటిని స్థానిక కౌన్సిలే కొని అందులో ఉన్నవాళ్లను అద్దెకు అలాగే ఉండనిచ్చే పథకాన్ని పెంచారు. మనిషి రోడ్డు మీదికి రాకముందే పట్టుకునే పథకం కాబట్టి నాకు అన్నిటికంటే తెలివైనదిగా అనిపించింది. కాకపోతే అది సామాజిక గృహాలకు, అంటే తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు తక్కువ అద్దెకిచ్చే ఇళ్లకు, అర్హులైనవాళ్లకే. మా వాడి జీతానికి వర్తించదు.

శనివారం వాడితో ఫిబ్స్‌బరోలో ఒక గది చూడటానికి వెళ్లాను. ఒక్క గది. గేటు బయట వరసలో నిలబడ్డవాళ్లను లెక్కపెట్టాను: నలభై ముగ్గురు. నా ముందు ఇద్దరు పిల్లలతో ఒకావిడ. ఆ గది వాళ్లకు సరిపోదని ఆవిడకూ తెలుసు. తొమ్మిది నెలలుగా ప్రభుత్వం చూపించిన హోటల్ గదిలో ఉంటున్నారట. వంటగది లేదు. పెద్దపిల్ల హోంవర్క్ మంచం మీదే చేస్తుంది. బడికి రెండు బస్సులు. "తలుపు మాదైతే చాలు" అన్నది. ఆ మాట అన్నప్పుడు ఆవిడ నావైపు చూడలేదు, పిల్ల జుట్టు సరిచేస్తూ అన్నది.

అప్పటికి ఐర్లండ్‌లో అత్యవసర వసతిలో ఉన్నవాళ్లు దాదాపు 15,000. అందులో 4,500 మందికి పైగా పిల్లలే. నేనక్కడ ఉన్న నెలాఖరు లెక్కలో 15,000 కూడా దాటింది. బంధువుల ఇంట్లో సోఫా మీద సర్దుకుంటున్నవాళ్లు, భర్త కొడితే పారిపోయి వచ్చి రక్షణ గృహాల్లో ఉన్న ఆడవాళ్లు, రోడ్డు మీదే పడుకున్నవాళ్లు ఈ లెక్కలోకి రారు.

రాత్రి ఓకానెల్ స్ట్రీట్‌లో పెద్ద పోస్టాఫీసు ముందు భోజనం పంచే వాలంటీర్లతో నిలబడ్డాను. సూప్ తీసుకున్న ఒకతన్ని హాస్టల్‌కి ఎందుకు వెళ్లలేదని అడిగాను. అక్కడ బూట్లు పోతాయి, పక్క మంచంలో ఎవడుంటాడో తెలియదు, మానేద్దామనుకున్న మత్తుమందు చేతికందే దూరంలో ఉంటుంది, ఇక్కడే నయం అన్నాడు. మా షెల్టర్ మెట్ల దాకా వచ్చి వెనక్కి తిరిగిపోయే మనుషులు గుర్తొచ్చారు. వాళ్లను మొండివాళ్లని నేను రిజిస్టర్‌లో రాసిన రాత్రులున్నాయి. పొరపాటు రాశాను.

మోల్స్‌వర్త్ స్ట్రీట్ కూడా చూశాను. 2014 డిసెంబర్ 1న అక్కడ ఒక గుమ్మంలో పడుకున్న మనిషి చనిపోయాడు. పార్లమెంటు భవనం లెన్‌స్టర్ హౌస్ అక్కడి నుంచి కనిపిస్తుంది. ఆ మరణంతో దేశమంతా కదిలింది. అత్యవసర పడకలు పెంచారు. పదేళ్ల తర్వాత అదే గుమ్మాల వరసలో ఇంకో స్లీపింగ్ బ్యాగ్ నాకు కనిపించింది. పడకలు పెరిగాయి, నిజమే. పడక మీదికి వచ్చిన మనిషి అక్కడి నుంచి ఎక్కడికి వెళ్లాలన్నది మాత్రం అలాగే మిగిలిపోయింది.

నాలుగో రోజు చూసిన 14 హెన్రియెట్టా స్ట్రీట్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. 1740లలో సంపన్నుల కోసం కట్టిన మేడ అది. తర్వాత ఒక్కో గదినీ ఒక్కో కుటుంబానికి అద్దెకిస్తూ పోయారు. 1911 జనగణన నాటికి ఆ ఒక్క ఇంట్లో 17 కుటుంబాలు, 100 మంది. 2018 నుంచి అది మ్యూజియం. మెట్ల గోడలకు కింద ఎరుపు, పైన నీలం. ఆ నీలం బట్టలకు పెట్టే రెకిట్స్ నీలిమందుది. మా అమ్మ తెల్లచీరల రంగు అక్కడ గోడ మీద కనిపించేసరికి అడుగు ఆగిపోయింది. 1913లో చర్చ్ స్ట్రీట్‌లో ఇలాంటి ఇళ్లే కూలి ఏడుగురు చనిపోయారని గైడ్ చెప్పింది.

అక్కడి నుంచి నడుచుకుంటూ, కోర్టుల భవనం వెనకున్న చాన్సరీ హౌస్‌కి వెళ్లాను. చిన్న తోట, ఇటుక గోడలు, గుండ్రటి బాల్కనీలు. 1930లలో డబ్లిన్ కార్పొరేషన్ ఆర్కిటెక్ట్ హెర్బర్ట్ సిమ్స్ కట్టించిన ఇళ్లలో ఒకటి. 1932 నుంచి 1948 దాకా ఆయన హయాంలో దాదాపు 17,000 ఇళ్లు లేచాయి. అప్పటికి ఐర్లండ్ స్వతంత్రమై పదేళ్లు, బీద దేశం. 1975లో కూడా స్థానిక సంస్థలు ఏడాదికి 8,000కు పైగా ఇళ్లు కట్టాయి. 2008 ఆర్థిక పతనం తర్వాత డబ్బు ఆగిపోయింది. 2015లో దేశం మొత్తం మీద స్థానిక సంస్థలు కట్టినవి 75. ఆ తర్వాత మళ్లీ పెంచారు గానీ, ఆ సంఖ్య చదివాక నాకు మిగతా సంగతంతా అర్థమైంది. బాల్కనీలో ఒక ముసలాయన దుప్పటి ఆరేస్తున్నాడు. తొంభై ఏళ్ల కిందట ఎవరో కట్టిపెట్టిన ఇల్లు ఈ రోజుకీ ఒకరి నెత్తి మీద నీడగా ఉంది.

ఇప్పుడు అసలు చూడాలనుకున్నది. "హౌసింగ్ ఫస్ట్" అంటారు, అంటే ముందు ఇల్లు. పాత పద్ధతి మెట్లలాంటిది: వీధి నుంచి షెల్టర్, అక్కడ తాగుడు మానితే తాత్కాలిక వసతి, బుద్ధిగా ఉంటే చివరికి ఇల్లు. కాలు జారిన ప్రతిసారీ మళ్లీ కింది మెట్టు. 1992లో న్యూయార్క్‌లో శామ్ సెంబెరిస్ అనే మనస్తత్వవేత్త దీన్ని తిరగేశాడు. ముందు ఇల్లు, మనిషి పేరు మీద అద్దె ఒప్పందం, మందు మానాలన్న షరతు లేదు. అద్దె కట్టాలి, ఇరుగుపొరుగును ఇబ్బంది పెట్టకూడదు, అందరు అద్దెదారుల్లాగే. నర్సు, సపోర్ట్ వర్కర్ ఇంటికే వస్తారు, కావలసినంత కాలం వస్తారు. ఐర్లండ్ దీన్ని 2018లో దేశమంతటి పథకంగా చేసింది. రెండో పథకం 2022 నుంచి 2026 వరకు, లక్ష్యం 1,319 ఇళ్లు.

తెలిసినవాళ్ల ద్వారా ఒక సపోర్ట్ వర్కర్ నన్ను అలాంటి ఒక ఫ్లాట్‌కి తీసుకెళ్లింది. ముందే ఆయన అనుమతి అడిగింది. గుమ్మం దగ్గర బెల్ కొట్టి, ఆయన తలుపు తీసేదాకా నిలబడింది. తన దగ్గర ఇంకో తాళంచెవి ఉంచుకోదట. మా షెల్టర్‌లో నేను ఎన్నడూ ఎవరి అనుమతీ అడిగి లోపలికి వెళ్లలేదు.

ఆయనకు యాభై దాటాయి. వీధిలో, హాస్టళ్లలో కలిపి పన్నెండేళ్లు. టీ పెట్టి ఇచ్చాడు. ఇల్లొచ్చిన మొదటి మూడు వారాలు మంచం పక్కన నేల మీద, బూట్లు విప్పకుండా పడుకున్నాడట. నిశ్శబ్దానికి నిద్రపట్టక రాత్రంతా రేడియో పెట్టుకున్నాడట. తాగడం తగ్గింది, మానలేదు. ఆ మాట ఆయనే చెప్పాడు. కూతురు రెండుసార్లు వచ్చి వెళ్లింది. ఆవిడ కూర్చున్న కుర్చీ చూపించాడు.

బయటికొచ్చాక సపోర్ట్ వర్కర్‌ని అడిగాను, మరి అందరికీ ఎందుకివ్వడం లేదని. "మనుషులున్నారు, నర్సులున్నారు, పద్ధతి తెలుసు. లేనివి ఒకే బెడ్‌రూమ్ ఉన్న ఫ్లాట్లే" అంది. ఈ దేశంలో ఇళ్లు ఎక్కువగా కుటుంబాల కోసం కట్టిన మూడు బెడ్‌రూములవి. ఎదురుచూస్తున్నవాళ్లలో ఒంటరి మనుషులు చాలా ఎక్కువ. 2022 జనగణనలో ఖాళీగా తేలిన ఇళ్లు మాత్రం 1,66,752. అన్నీ ఉండటానికి పనికొచ్చేవి కావు, అన్నీ డబ్లిన్‌లోనూ లేవు. కానీ 1,319 అనే సంఖ్యను దాని పక్కన పెట్టి చూస్తే, ఇది చేయలేని పని అంటే నేను ఒప్పుకోను.

ఫిబ్స్‌బరో వరసలో కలిసిన ఆ తల్లి మాత్రం ఆ రాత్రంతా మనసులో మెదిలింది. తాగుడు మానని మనిషికి ఫ్లాట్ ఇచ్చి నా పిల్లల్ని హోటల్‌లో ఉంచారా అని ఆవిడ అడిగితే? ఆ ఒంటిగది ఫ్లాట్ ఆవిడకు ఎలాగూ పనికిరాదని చెప్పొచ్చు. అది నిజమే, అయినా ఆవిడ కోపానికి అది జవాబు కాదు. జవాబు ఇద్దరికీ ఇల్లు ఉండటమే. ఇళ్లు తక్కువైనప్పుడు పేదవాళ్లు ఒకరినొకరు వరసలో తోసుకోవలసి వస్తుంది. తోసేవాళ్లను తప్పుపట్టి ఏం లాభం?

హెల్సింకిలో మూడు రోజులే ఉన్నాను. మధ్యాహ్నం మూడున్నరకే చీకటి. 1987లో ఫిన్లండ్‌లో ఇల్లు లేనివాళ్లు దాదాపు 20,000. 2023 నాటికి 3,429. బంధుమిత్రుల ఇళ్లలో సర్దుకునేవాళ్లను కూడా కలిపిన లెక్క ఇది. 2008లో ముందు ఇల్లు పద్ధతిని జాతీయ కార్యక్రమంగా తెచ్చారు. అయితే దానికన్నా ముందే, 1985 నుంచే, వై ఫౌండేషన్ అనే సంస్థ మామూలు అపార్ట్‌మెంట్లలో ఒక్కొక్క ఫ్లాట్ కొంటూ వచ్చింది. ఇప్పుడు దానికి 18,000కు పైగా ఇళ్లున్నాయి. పద్ధతి వచ్చేనాటికి చేతిలో తాళంచెవులున్నాయి. డబ్లిన్‌లో నాకు కనిపించని ముక్క ఇదే.

ఆల్ప్పికాతు వీధిలో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవాసంస్థ భవనం బయట చాలాసేపు నిలబడ్డాను. ఒకప్పుడు 250 మంది మగవాళ్లు పడుకునే హాస్టల్. దాన్ని 81 ఫ్లాట్లుగా మార్చారు. 1985లో ఈ నగరంలో షెల్టర్, హాస్టల్ పడకలు 2,121. 2016కి 52 మిగిలాయి. పనిచేస్తున్న షెల్టర్‌ని మూసేయడానికి ఎంత ధైర్యం కావాలో నాకు తెలుసు. ఆ పని చేసి ఇళ్లు కట్టినవాళ్లంటే నాకు గౌరవం కలిగింది.

మరుసటి రోజు నన్ను తిప్పిన స్థానిక మిత్రురాలు ఒక మామూలు అపార్ట్‌మెంట్‌లోకి తీసుకెళ్లింది. కింద హాల్లో ఒక పలక, అంతస్తుల వారీగా ఇంటిపేర్లు. ఒకప్పుడు వీధిలో ఉన్నవాళ్ల ఫ్లాట్లు కూడా ఇందులో ఉన్నాయంది. ఏవి అని అడిగాను. "నాకు తెలియదు. తెలియాల్సిన అవసరం కూడా లేదు" అంది. ఇరవై నాలుగు పేర్లు, ఒకే అచ్చు, ఒకే సైజు.

అక్కడా అంతా సవ్యంగా లేదు. అద్దె భత్యాన్ని కొత్త ప్రభుత్వం కోస్తోందని ఆమె బాధపడింది. నేను తిరిగొచ్చాక వచ్చిన 2024 లెక్కలో ఇల్లు లేనివాళ్ల సంఖ్య 3,806కు పెరిగింది. చాలా ఏళ్లుగా తగ్గుతూ వచ్చినది మళ్లీ పైకి లేచింది.

జనవరి చివర్లో మా వాడు ఫొటో పంపాడు. అరచేతిలో తాళంచెవి. డబ్లిన్ బయట డ్రోహెడా అనే ఊళ్లో ఒక గది. ఆఫీసుకు వెళ్లాలంటే రైలు, దిగాక బస్సు. "అమ్మకు ఇప్పుడు చెప్పాను పిన్నీ" అని కింద రాశాడు. ఒప్పందం ఎన్నాళ్లకని అడిగాను. ఒక ఏడాదికన్నాడు.