డెల్టా మట్టిలో డే లిల్లీ: నా అనుభవం

మా రావులపాలెం వైపు పెరట్లో ఏ మొక్క పెట్టినా నీళ్ళకి కరువుండదు. డే లిల్లీ అనే ఈ పూలమొక్కతో చిక్కు కూడా ఆ నీళ్ళ దగ్గరే. మొదలు దగ్గర నీరు నిలిస్తే మొక్క కుళ్ళిపోతుంది. మాది పట్టుకుంటే జిగురుగా అంటుకునే ఒండ్రు మట్టి. అందుకే రంగుల సంగతి తర్వాత చూద్దామని ముందు మడి సంగతి పట్టించుకున్నాను.

పెరట్లో ఎండ బాగా తగిలే చోటు వెతికాను. రోజుకి కనీసం ఆరు గంటల ఎండ ఉండాలి. కొబ్బరిచెట్ల కింద పెడితే ఆకు ఏపుగా వస్తుంది గానీ పూలు తగ్గిపోతాయి. ఎండ తగిలే చోటే నేల మీద అడుగు ఎత్తున మడి కట్టించి, మా మట్టిలో గోదావరి ఇసుక, బాగా చివికిన పశువుల గెత్తం కలిపాను. కొబ్బరి పొట్టు మాకు చవకగా దొరుకుతుంది, కానీ అది తడి పట్టి ఉంచుతుంది కాబట్టి చాలా కొద్దిగానే వేశాను.

మొక్కల కోసం జొన్నాడ మీదుగా గౌతమి దాటి కడియం వెళ్ళాను. అన్ని నర్సరీలున్నచోట పువ్వు చూసి మనసు పారేసుకోవడం తేలిక. నేను మాత్రం ఆకు గురించే అడిగాను. డే లిల్లీల్లో కొన్ని రకాలు చలికాలంలో ఆకంతా ఎండిపోయి నిద్రపోతాయి. వాటికి గట్టి చలి కావాలి, మన సంక్రాంతి చలి చాలదు. ఏడాదంతా పచ్చగా ఉండే రకాలే మనకి నప్పుతాయి.

"ఇది చలికాలంలో ఆకు ఎండిపోతుందాండి?"

"లేదండి, పచ్చగానే ఉంటుంది. పోయిన వేసవంతా ఇక్కడే ఉంది, పూసింది కూడా."

నాకు కావలసింది ఆ రెండో మాటే. మన ఎండకి తట్టుకుని ఒకసారి పూసిన దుబ్బు దొరికితే సగం టెన్షన్ పోయినట్టే.

పేరులో లిల్లీ ఉన్నా దీనికి ఉల్లిగడ్డలాంటి గడ్డ ఉండదు, పిల్లితీగ దుంపల్లా కండగల వేర్లు గుత్తిగా ఉంటాయి. గుంత మధ్యలో మట్టిని చిన్న దిబ్బలా పోసి, దాని మీద మొక్కని కూర్చోబెట్టి వేర్లని చుట్టూ పరిచాను. ఆకులూ వేర్లూ కలిసే చోటు అంగుళం లోతు మించకూడదు. మొక్కకీ మొక్కకీ మధ్య అడుగున్నర వదిలాను. పసుపు, నారింజ రంగులవి నిండు ఎండలోనే పెట్టాను. ముదురు ఎరుపు పువ్వు మధ్యాహ్నపు ఎండకి కమిలిపోతుంది, దానికి గోడ నీడ పడే వైపు ఇచ్చాను.

ఎండలు ముదిరే వేళకి పూకాడలు లేచాయి. మొగ్గ మీద ఉన్నప్పుడు నీళ్ళు తగ్గితే మొగ్గలు రాలిపోతాయి. వేసవిలో కాలువలు కట్టేశాక మాకు బోరే గతి, దాంతోనే మొదళ్ళకి పొద్దున్నే నీళ్ళు పెట్టాను. మొగ్గలు వంకర తిరిగితే అది తామర పురుగుల పని. సాయంత్రం పూట వేపనూనె కొడితే అదుపులోకి వచ్చాయి.

ఒక్కో పువ్వు ఒక్క రోజే ఉంటుంది. అయినా కాడకి బోలెడు మొగ్గలు కాబట్టి వారాల తరబడి పూస్తూనే ఉంటుంది. నిన్నటి పువ్వుని పొద్దున్నే గిల్లేయడం నాకు ఇష్టమైన పని. వదిలేస్తే కొన్ని కాయ కట్టి మొక్క బలం లాగేస్తాయి. పూత అయిపోయిన కాడని మొదలు దాకా కోసేస్తాను.

వానల్లో ఎత్తు మడి బాగా పనిచేసింది, ముసురు రోజుల్లో నీరు పక్క కాలవలోకి జారిపోయింది. ఆ కాలమంతా ఎరువు వేయలేదు, ఎండాకులు మాత్రం ఏరేశాను.

దుబ్బు బాగా కిక్కిరిసి పూలు తగ్గాక పిలకలు విడదీశాను. పూత అవగానే విడదీస్తారు చాలామంది. మా దగ్గర అప్పటికి వేడి, ఆ వెంటనే వానలు, కోసిన గాయాలు కుళ్ళుతాయి. అందుకని కార్తీకం దాకా ఆగాను. ఆకుల్ని జానెడు కంటే తక్కువకి కత్తిరించి, వేర్లని ఒక పూట నీడలో ఆరనిచ్చి నాటాను. పిలకలు అడిగిన ఇరుగుపొరుగుకి ఇచ్చేటప్పుడు ఇంట్లో పిల్లి ఉందా అని తప్పకుండా అడుగుతాను. ఈ మొక్క ఆకు గానీ పువ్వు గానీ తింటే పిల్లికి కిడ్నీలు దెబ్బతింటాయి.