ఇంటిపేరు మారిన స్నేహితులు

1991లో పదో తరగతి పరీక్షలు ముగిశాక మా తరగతివారమంతా ఆటోగ్రాఫ్ పుస్తకాలలో ఒకరికొకరం చిరునామాలు రాసుకున్నాం. అబ్బాయిల చిరునామాలు కొన్నేళ్లపాటు బాగానే అక్కరకు వచ్చాయి. 15 పైసల కార్డు మీద రాసిన నాలుగు ముక్కలకు ఆలస్యంగానైనా జవాబు వచ్చేది. అమ్మాయిల సంగతి వేరు. వారు రాసిచ్చినవి పుట్టింటి చిరునామాలు. పెళ్లితో ఇంటిపేరూ ఊరూ మారిపోగా, ఒకే బల్లమీద కూర్చున్న అమ్మాయిలు సైతం ఒకరి జాడ ఒకరికి తెలియకుండా పోయారు. ఇక పెళ్లయిన సహాధ్యాయినికి అబ్బాయి ఉత్తరం రాయడమనేది ఆనాడు ఊహించలేని పని. ఎస్టీడీ బూత్‌లు వచ్చాక కూడా అటువైపు ఫోను ఎత్తేది మామగారే కదా!

ఆర్కుట్, ఆ తర్వాత ఫేస్‌బుక్ మాలో కంప్యూటరు ముందు కూర్చునే ఉద్యోగాలవారిని మాత్రమే కలిపాయి. 2016లో జియో వచ్చి డేటా చౌకయ్యాకనే సేద్యం చేసుకునే మిత్రుల చేతికీ, ఇంటిపట్టున ఉండే స్నేహితురాళ్ల చేతికీ స్మార్ట్‌ఫోన్ చేరి, వాట్సాప్‌లో తరగతి గ్రూపు నిండింది. అయితే ఇంటిపేర్లు మారిన అమ్మాయిలను ఏ యాప్ వెతికిపెట్టలేదు. పుట్టింటి ఊళ్లకు వెళ్లి, వారి అన్నదమ్ములను అడిగి నంబర్లు సేకరించవలసి వచ్చింది. బడిలో ఐదేళ్లు కలిసి చదివినా మేము వారితో నేరుగా మాట్లాడింది తక్కువ. గ్రూపులో మొదట్లో ‘మేడమ్’, ‘గారు’ అని పలకరించుకున్నవాళ్లం క్రమంగా పేర్లతో పిలుచుకోవడం నేర్చాం. నా దృష్టిలో ఈ సాంకేతికత మా తరానికి చేసిన అసలు మేలు ఇదే.

మిగిలినదంతా అంత మెచ్చుకోదగ్గది కాదు. తెల్లవారితే శుభోదయాల బొమ్మలు, ఎన్నికలొస్తే వాదులాటలు. కార్డు రాసే రోజుల్లో జవాబు వచ్చేలోపు కోపం చల్లారేది. ఇప్పుడు నిమిషంలో ఒకరు గ్రూపు వదిలి వెళ్లిపోతారు. అంతకంటే నన్ను బాధించినది, ఒక మిత్రుని తల్లి పోయినప్పుడు గ్రూపు నిండా ‘ఓం శాంతి’ అని రాసిన మాలో, అదే ఊళ్లో ఉన్నవారు కూడా కొందరు గడప తొక్కకపోవడం. దానిమీద గట్టిగా మాట్లాడినది అమ్మాయిలే. అప్పటినుంచి అలాంటి కబురు వస్తే, దగ్గరలో ఉన్నవారు ఎవరు వెళ్తున్నారో ముందు రాయాలనీ, సంతాపాలు ఆ తర్వాతేననీ వారు నియమం పెట్టారు. ఇప్పటివరకు అది నడుస్తూనే ఉంది.