రోజుకి మూడు మంచి విషయాలు, పక్కనే "ఎందుకు?"

నాన్నకి డయాలసిస్ మొదలై మూడేళ్లు దాటింది. సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున్న ఆరు గంటల షిఫ్టు, నాలుగు గంటలు మెషిన్ మీద. మాది తణుకు దగ్గర పల్లెటూరు కాబట్టి నాలుగున్నరకే లేచి, నాన్నకి రెండు ఇడ్లీలు పెట్టి, ఆటో ఎక్కించుకుని, పిల్లలు లేచేసరికి అమ్మ ఒక్కతే ఎలా నెగ్గుకొస్తుందో అని బెంగపడుతూ బయల్దేరేదాన్ని. కూరగాయలు ఉడికించి ఆ నీళ్లు పారబోసి మళ్లీ వండాలి, పొటాషియం పెరగకూడదు కదా. అరటిపండు వద్దు, మంచినీళ్లు కూడా కొలిచి ఇవ్వాలి. కొబ్బరిచెట్ల మధ్య పుట్టి పెరిగిన మనిషి ఎండలో పడి వచ్చి "ఒక్క గుక్క కొబ్బరినీళ్లు ఇవ్వమ్మా" అని అడిగితే కుదరదని చెప్పడం ఎంత కష్టమో!

మొదటి నాలుగు నెలలు నాకు సరైన నిద్ర లేదు. ప్రతి చిన్నదానికీ పిల్లల మీద అరిచేదాన్ని, తర్వాత కుళాయి తిప్పుకుని బాత్రూంలో ఏడ్చేదాన్ని. అలాంటప్పుడు దగ్గరి బంధువు ఒకావిడ "ఉన్నదానికి దేవుడికి దణ్ణం పెట్టుకో, అంతా సర్దుకుంటుంది" అంటే ఒళ్లు మండిపోయింది. ఇప్పటికీ ఆ మాట తప్పే అనుకుంటాను. కష్టంలో ఉన్న మనిషి చెప్పుకునేది వినకుండా కృతజ్ఞతగా ఉండమని చెప్పకూడదు.

అయినా ఏదో ఒకటి చెయ్యాలని పిల్లల పాత నోట్‌బుక్ ఒకటి తీసుకుని, కృతజ్ఞతగా ఉండాల్సినవి రోజూ రాత్రి రాయడం మొదలుపెట్టాను. కుటుంబం, ఇల్లు, పిల్లల ఆరోగ్యం. మర్నాడూ అవే, ఆ మర్నాడూ అవే. వారానికే మానేశాను, ఎందుకంటే రాస్తున్నప్పుడు మనసులో ఏమీ కదల్లేదు.

తర్వాత ఎక్కడో చదివాను, 2003లో రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెకల్లఫ్ అనే ఇద్దరు సైకాలజిస్టులు కృతజ్ఞత మీద చేసిన పరిశోధన గురించి. అందులో నన్ను ఆపింది కాలేజీ పిల్లల మీద చేసిన భాగం కాదు. నరాలు, కండరాలు దెబ్బతినే జబ్బులున్న పెద్దవాళ్ల చేత తమకి కృతజ్ఞతగా అనిపించినవి 21 రోజులు రాయించారు. అలా రాసినవాళ్లు, రాయనివాళ్లతో పోలిస్తే బాగా నిద్రపోయామని, మనుషులతో దగ్గరితనం ఎక్కువగా అనిపించిందని చెప్పారు. జబ్బు మాత్రం ఎక్కడికీ పోలేదు. 2005లో మార్టిన్ సెలిగ్మన్ అనే ఇంకో సైకాలజిస్టు బృందం చేయించిన పద్ధతి ఇంకా తేలిక: ఆ రోజు జరిగిన మూడు మంచి విషయాలు, ఒక్కోదాని పక్కన అది ఎందుకు జరిగిందో. ఇవన్నీ మంత్రాలేమీ కాదు. తర్వాత వచ్చిన పరిశోధనలన్నీ కలిపి చూసినవాళ్లు ఫలితం ఒక మోస్తరుగానే ఉంటుందన్నారు. నాకు ఆ మోస్తరు చాలు అనిపించింది.

నాకు పనికొచ్చింది ఆ "ఎందుకు".

"ఈరోజు నాన్నకి కాళ్లు పట్టెయ్యలేదు." ఎందుకు? టెక్నీషియన్ తమ్ముడు మధ్యలో రెండుసార్లు వచ్చి బీపీ చూసి, నీళ్లు లాగే వేగం తగ్గించాడు కాబట్టి. "పిల్లలు టైముకి స్కూలుకి వెళ్లారు." ఎందుకు? ఎదురింటి పిన్నిగారు వచ్చి పాపకి జడలు వేశారు, నేను అడగలేదు కూడా. "వానలో తడవకుండా ఇంటికి చేరాం." ఎందుకు? ఆటో అన్నయ్య వేరే బేరం వదులుకుని ఆసుపత్రి గేటు దగ్గరే కూర్చున్నాడు. రెండు నెలల తర్వాత వెనక్కి తిప్పి చూస్తే ఆ కాలమ్ నిండా మనుషులే. అప్పటిదాకా ఈ బరువంతా నేనొక్కదాన్నే మోస్తున్నానని గట్టిగా నమ్మాను, నా చేతిరాతే నాకు వేరే సంగతి చెప్పింది.

అమ్మకి మాత్రం ఈ పుస్తకమంటే భయం. "బాగున్నాడని రాయకే, దిష్టి తగులుతుంది" అనేది. మన ఇళ్లలో మంచిని పైకి చెప్పడానికి ఎంత జంకుతామో అప్పుడే గమనించాను. చెడు జరిగితే పది ఇళ్లకి చెబుతాం, బాగుంటే గుట్టుగా ఉంచుతాం. అమ్మ కోసం ఆ పుస్తకాన్ని దేవుడి గూట్లో పెట్టడం మొదలుపెట్టాను, ఆవిడ భయం కొంచెం తగ్గింది.

పోయిన ఏడాది ఆషాఢంలో ఒక రాత్రి నాన్న చేతి మీద వేలు పెట్టి చూశాను. ఫిస్టులా అంటే డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళాలు. అది ఉన్న చోట ఎప్పుడూ జుమ్మని అదురుతూ ఉంటుంది, పడుకునే ముందు అది చూడటం మాకు అలవాటు. ఆ రాత్రి అదురు లేదు. రక్తం గడ్డకట్టిందని వెంటనే అర్థమైంది, చేతులు వణికాయి. కానీ మొదటి నెలల్లోలా అక్కడే కూలబడిపోలేదు. ఎవరికి ఫోన్ చెయ్యాలో ఆలోచించాల్సిన పనే పడలేదు, రోజూ రాసిన మనుషులే కదా. టెక్నీషియన్ తమ్ముడు ఫోన్లోనే "పొద్దున్నదాకా ఆగొద్దు అక్కా, ఇప్పుడే తీసుకురండి" అన్నాడు. ఆటో పది నిమిషాల్లో వచ్చింది. పిన్నిగారు దిండు పట్టుకుని మా ఇంటికొచ్చి పిల్లల పక్కన పడుకున్నారు.

ఆ ఫిస్టులా దక్కలేదు. మెడ దగ్గర పైపు వేశారు, రెండో చేతికి ఆపరేషన్ చేసి అది పనికొచ్చేదాకా రెండు నెలలకి పైగా పట్టింది. ఆ రాత్రి పేజీలో "ఈరోజు మంచి ఏమీ లేదు" అనే రాశాను. అలా రాయొచ్చు. లేని సంతోషాన్ని బలవంతంగా తెచ్చి రాస్తే ఆ పుస్తకాన్ని మనమే నమ్మం.

ఇంకో మాట కూడా చెప్పాలి. నిద్ర పట్టకపోవడం, ఏడుపు ఆగకపోవడం వారాల తరబడి ఉంటే నోట్‌బుక్ సరిపోదు. మనసు బాగోలేనప్పుడు మాట్లాడటానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ ఉంది, నంబరు 14416, ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. నా మొదటి నెలల్లో ఇది నాకెవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

ఈమధ్య భోజనాలయ్యాక నాన్నే అడుగుతున్నారు, "ఏమ్మా, రాశావా ఇవాళ?" అని. నిన్న రాత్రి రెండు రాసి మూడోది తట్టక ఆగితే పెన్ను ఆయన తీసుకున్నారు. సూదులు గుచ్చే చెయ్యి కదా, అక్షరాలు వంకరగా వచ్చాయి. "మధ్యాహ్నం ఐసు ముక్క చప్పరించాను, దాహం తీరింది" అని రాశారు. పక్కన, ఎందుకు అన్న చోట: "అమ్మాయి గుర్తుపెట్టుకుని ఫ్రిజ్‌లో పెట్టింది."