వేళ్ళు ఆడిస్తూ తెల్లారింది

ఆవకాయ జాడీ కింద పెట్టి నడుం ఎత్తబోతే వీపులో టక్కుమంది. రెండేళ్ళ కిందటి మే నెల. ఏదో పట్టేసిందనుకుని మూడు రోజులు నూనె రాయించుకున్నాను. ఆ తెలివితక్కువ పని నాదే, ఎవర్నీ అనను. ఎమ్మారైలో డి12, ఎల్1 అనే రెండు వెన్నుపూసలు విరిగి నొక్కుకుపోయాయని తేలింది. అందులో ఒకటి పాతదట! ఎప్పుడు విరిగిందో నాకే తెలియదు.

అసలు తెలియాల్సిందే, పూసలు నొక్కుకుపోతే పొడుగు తగ్గుతుందిగా. చీర కుచ్చిళ్ళు నేలకు జీరాడుతున్నాయని ఏడాదిగా ఇంకాస్త పైకి దోపుకుంటున్నాను. వంటింట్లో పై అర అందడం మానేసింది. "వయసొస్తే ఇంతే వదినా" అంది మా ఆడపడుచు. సరే, ఆమెకేం తెలుసు? ఆస్తమాకని ఏళ్ళ తరబడి స్టెరాయిడ్ మాత్రలు రాసిన డాక్టరు అవి ఎముకల్ని గుల్ల చేస్తాయన్న మాట ఒక్కసారైనా ఎత్తలేదు. ఆయన మీద కోపం ఇప్పటికీ పోలేదు.

గుంటూరులో ఒక సర్జను ఫిల్ము చూసి, నా వైపు తిరక్కుండా మా వారితో అన్నాడు: "రాడ్లు, స్క్రూలు వేయాలి. ఇలా వదిలేస్తే కాళ్ళు పడిపోతాయి, ఇక ఆవిడ మంచానికే. ఎల్లుండి ఖాళీ ఉంది." ఆ పక్కనే స్ట్రెచర్ మీద నేనున్నాను.

ఆ రాత్రికి తెనాలి వచ్చేశాం. రెండింటప్పుడు మెలకువ వస్తే ఎడమ పాదం లేదు. తడిమి చూద్దామంటే వంగలేను, తిరగలేను. "ఏమండీ, నా కాలుందా?" అన్నాను. ఆయన లైటు వేసి బొటనవేలు గిల్లారు. తెలియలేదు. మళ్ళీ గిల్లారు. దుప్పటి అంచు కదులుతుంటే ఆయన చెయ్యి వణుకుతోందని అర్థమైంది. మంగళగిరి పానకాలస్వామికి మొక్కేశాను. మా వారు నా మోకాలి కింద దిండు లాగేశాక, కాసేపటికి చీమలు పాకినట్టయి పాదం వచ్చింది. తిమ్మిరి, అంతే! కానీ తెల్లారేదాకా నేను వేళ్ళు ఆడిస్తూనే ఉన్నాను, ఆయన కూర్చుని "కదుల్తున్నాయే, కదుల్తున్నాయి" అంటూనే ఉన్నారు.

"ఇంకొకరికి చూపించకుండా సంతకం పెట్టకమ్మా" అని హైదరాబాదు నుంచి మా అమ్మాయి గట్టిగా చెప్పింది. విజయవాడలో ఒక పెద్దాయన ముందు ఫిల్ము చూడలేదు. నా పాదాలతో తన అరచేతిని తన్నించుకున్నాడు, పిన్నుతో గుచ్చాడు, ఒంటేలు ఆగుతోందా అని అడిగాడు. తర్వాత ఎముకల గట్టిదనం చూసే డెక్సా స్కాన్ తీయిస్తే స్కోరు మైనస్ 3.8. "మైనస్ 2.5 దగ్గరే ఆస్టియోపోరోసిస్, అంటే ఎముకలు గుల్లబారాయి అంటాం. చెదలు తిన్న గుంజలో మేకు కొడితే ఎన్నాళ్ళు నిలుస్తుందమ్మా? నరం నలుగుతుంటే ఎలాగైనా చేయాల్సిందే. మీకు నలగడం లేదు" అన్నాడు. పూసలో సిమెంటు ఎక్కిస్తే తగ్గుతుందటగా అన్నాను. 2009లో వచ్చిన రెండు పరిశోధనల్లో సిమెంటు పోసినవాళ్ళకీ, పోయకుండా పోసినట్టు నటించి పంపినవాళ్ళకీ నొప్పి దాదాపు ఒకేలా తగ్గిందట. "ఆరు వారాలు చూద్దాం, అప్పటికీ నొప్పి లొంగకపోతే ఆలోచిద్దాం" అన్నాడు. లొంగింది.

మూడు నెలలు టేలర్ బ్రేస్, అదే వీపు వంగకుండా కట్టే పట్టీ. ఎముక పెరగడానికి రోజుకో టెరిపారటైడ్ సూది పొట్టకి, రెండేళ్ళు. ఆ పెన్ను ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కనే ఉండేది. ఈ నెలతో అయిపోతోంది. ఊరికే ఆపేస్తే పెరిగిన ఎముక మళ్ళీ కరిగిపోతుందట, అందుకే ఏడాదికోసారి సెలైన్‌లో ఎక్కించే మందు మొదలుపెడతారు. స్టెరాయిడ్లు వాడేవాళ్ళూ, పొడుగు తగ్గినవాళ్ళూ డెక్సా తీయించుకోండి, నాలాగా నూనె రాసుకుంటూ కూర్చోకండి.

ఆ సర్జనుది ఉత్త అబద్ధం అనను. మా వీధిలో ఒకావిడకి నిజంగానే కాళ్ళు బలం తప్పి, ఆపరేషన్ చేయించుకున్నాకే నడుస్తోంది. ఆయన నా కాళ్ళు ముట్టుకుని చూడలేదు, నా కోపమల్లా అదే.

పోయిన శనివారం మొక్కు తీర్చుకున్నాం. మెట్లెక్కలేక కారులో కొండ మీదికి వెళ్ళాం. స్వామి నోట్లో పానకం పోస్తే సగం తాగి సగం మనకి వదిలేస్తాడుగా, ఆ సగం తెచ్చుకున్నాం. బిందె మా ఆయనే మోశారు, నన్ను ముట్టుకోనివ్వలేదు. నేను కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని వెనకాల నడిచాను. నా పొడుగులో పోయిన ఆ రెండంగుళాలు మాత్రం తిరిగి రాలేదు.